ఊరు దూరమైన జట్టు

దొనెత్స్క్ నగరములో ఒక గొప్ప క్రీడామందిరము కలదు. దాని పేరు దోన్బాస్ అరేనా. 2009 ఆగస్టు 29న ప్రారంభమైన ఆ మందిరములో ఇంచుమించు 52,000 మంది కూర్చుండి ఆట చూడవచ్చును. దాని నిర్మాణమునకు సుమారు 40 కోట్ల డాలర్లు వ్యయమైనవి. 2012లో యూరపు దేశముల ఫుట్‌బాల్ పోటీలలో స్పెయిన్, పోర్చుగల్ జట్లు సెమీఫైనలు ఆడినది అక్కడనే. ఇంత ఘనమైన మందిరమును కట్టించుకొన్న జట్టు మాత్రము అందులో అయిదేండ్లే ఆడినది. 2014 మే నెల తరువాత ఆ జట్టు ఆ పచ్చికపై అడుగు పెట్టలేదు.

ఆ జట్టు పేరు షఖ్తార్ దొనెత్స్క్. ఉక్రెయిను భాషలో షఖ్తార్ అనగా గని కార్మికుడు అని అర్థము. ఉక్రెయినునకు తూర్పు భాగమున దోన్బాస్ అనబడు బొగ్గు సీమ ఉన్నది. ఆ సీమకు ముఖ్యనగరము దొనెత్స్క్. 1869 ప్రాంతమున వేల్సు దేశీయుడైన జాన్ హ్యూస్ అను ఇంజనీరు అచ్చట ఇనుప కర్మాగారమునకు పునాది వేయగా, దాని చుట్టును ఊరు వెలసినది. హ్యూస్ అను పేరు స్థానికుల నోట యూజ్ అయి, ఊరు యూజోవ్క అయినది. 1924లో అది స్తాలినోగా మారినది. 1961లో దొనెత్స్క్ అను పేరు వచ్చినది. ఏలికలు మారినపుడు ఊరి పేరు మారుచు వచ్చినది గాని ఊరి బ్రతుకు మారలేదు. బొగ్గుబావిలోనికి దిగుట, మసి పట్టిన మొగముతో పైకి వచ్చుట, మఱునాడు తిరిగి దిగుట - ఇది అక్కడి తరతరముల దినచర్య.

ఈ జట్టు పుట్టుకకు ఒక రాత్రి కథ ముడిపడి యున్నది. 1935 ఆగస్టు 30, 31 తేదీల నడిమి రాత్రి దోన్బాసులోని ఇర్మినో గనిలో అలెక్సీ స్తఖానోవ్ అను కార్మికుడు ఒకే షిఫ్టులో 102 టన్నుల బొగ్గు తవ్వెనని సోవియట్ ప్రభుత్వము చాటినది. నియమిత పరిమాణము 7 టన్నులు మాత్రమే. పదునాలుగు రెట్ల పని ఒక్క రాత్రిలో జరిగినదన్న వార్త దేశమంతట మారుమ్రోగినది. అతని పేర ఒక ఉద్యమమే లేచినది. మఱుసటి సంవత్సరము, 1936లో, దోన్బాస్ గని కార్మికులకై ఒక ఫుట్‌బాల్ జట్టు ఏర్పడినపుడు దానికి స్తఖానోవెత్స్, అనగా స్తఖానోవ్ మార్గమున నడచువాడు, అని నామకరణము చేసిరి.

అయితే ఆ రాత్రి స్తఖానోవ్ గనిలో ఒంటరిగా లేడు. అతడు బొగ్గు కొట్టుచు ముందునకు సాగుచుండగా, పైకప్పు కూలకుండ వెనుక కొయ్యదిమ్మెలు నిలుపుచు వచ్చిన తోటి కార్మికులు ఇద్దరుండిరి. ఘనత మాత్రము ఒక్కని పేరనే వ్రాయబడినది. 1946లో జట్టు పేరు షఖ్తార్‌గా మారినది. ఒక వీరుని పేరు తొలగి, ఆ స్థానమున ఒక వృత్తి పేరు వచ్చి నిలిచినది. బొగ్గు కొట్టినవానికిని, దిమ్మె నిలిపినవానికిని ఆ పేరు సమానముగా చెల్లును. పదకొండుగురు కలిసి ఆడు ఆటకు ఇంతకంటె తగిన పేరు దొరకుట అరుదు.

సోవియట్ కాలమున ఫుట్‌బాల్ వైభవము మాస్కో జట్లకును, కీవ్ నగరపు దినమో జట్టుకును ఎక్కువగా దక్కినది. షఖ్తార్ ఎన్నడును లీగు విజేత కాలేదు. 1975లోను, 1979లోను రెండవ స్థానము వఱకు వచ్చి ఆగిపోయినది. కాని ఒక్క పోటీలో ఓడినను ఇంటికి పోవలసిన కప్పు ఆటలలో దాని పట్టుదలయే వేఱు. ఒలేగ్ ఓషెన్కోవ్ శిక్షణలో 1961లో మాస్కో తోర్పెదో జట్టును 3-1 గోళ్లతో ఓడించి సోవియట్ కప్పును తొలిసారి గెలిచినది. 1962లో దానిని నిలుపుకొన్నది. తిరిగి 1980లోను, 1983లోను అదే కప్పును సాధించినది. 1979లో విటాలీ స్తారూఖిన్ 26 గోళ్లు కొట్టి, ఆ యేటి సోవియట్ ఉత్తమ క్రీడాకారుడుగా ఎన్నికయ్యెను. షిఫ్టు ముగించుకొని మైదానమునకు వచ్చు కార్మికులకు ఆ జట్టు తమ ఇంటి జట్టు. దాని దుస్తుల రంగులు నారింజ, నలుపు. గని లోపలి చీకటి నలుపు. పైకి వచ్చిన కార్మికుని కన్నులకు సోకు వెలుగు నారింజ. ఆ రంగులకు ఆ ఊరు చెప్పుకొను భాష్యమిది.

1991లో సోవియట్ కూటమి విచ్ఛిన్నమై ఉక్రెయిన్ స్వతంత్ర దేశమైనది. 1992లో ఆ దేశపు తొలి లీగు విజయము సింఫెరోపోల్ నగరపు తావ్రియ జట్టుకు దక్కినది. 1993 మొదలు 2001 వఱకు వరుసగా తొమ్మిది మార్లు కీవ్ దినమోయే గెలిచినది. ఆ దినములు దోన్బాసునకు గడ్డు దినములు. గనులు, కర్మాగారములు చేతులు మారుచుండెను; పోటీ వర్గముల నడుమ హత్యలు సామాన్యమైనవి. ఆ హింస ఆటస్థలము లోనికే వచ్చినది. 1995 అక్టోబరు 15న తావ్రియ జట్టుతో పోటీ జరుగుచుండగా షఖ్తార్ మైదానములో బాంబు ప్రేలి, జట్టు అధ్యక్షుడు అఖాత్ బ్రాగిన్ మరణించెను.

మఱుసటి యేట రినాత్ అఖ్మేతోవ్ అధ్యక్షుడయ్యెను. ఇతడు దొనెత్స్క్‌లో ఒక గని కార్మికుని ఇంట పుట్టి, బొగ్గు, ఉక్కు వ్యాపారములలో ఉక్రెయిన్ దేశపు కుబేరులలో అగ్రగణ్యుడైనవాడు. అతని ధనము జట్టు రూపమును మార్చినది. ఇటలీ దేశపు శిక్షకుడు నెవియో స్కాల చేతి క్రింద 2002లో షఖ్తార్ తన చరిత్రలో మొదటి లీగు విజయమును సాధించి, దినమో వరుసకు అడ్డుకట్ట వేసినది. జట్టు పుట్టిన అరువది యారేండ్లకు ఆ ముచ్చట తీరినది.

2004లో రుమేనియా దేశీయుడు మిర్చా లుచెస్కు శిక్షకుడుగా వచ్చెను. అతడు పండ్రెండేండ్లు ఆ పదవిలో నుండి జట్టుకు ఎనిమిది లీగు విజయములు సంపాదించిపెట్టెను. బ్రెజిల్ నుండి పడుచు ఆటగాండ్రను తెచ్చి తీర్చిదిద్దుట అతని పద్ధతి. వెనుక కాపుదలకు తూర్పు యూరపు దార్ఢ్యము, ముందు దాడికి బ్రెజిల్ లాఘవము - ఈ రెంటి కూర్పే అతని విద్య. 2009 మే 20న ఇస్తాంబుల్ నగరములో యూఏఫా కప్పు తుది పోటీ జరిగినది. ప్రత్యర్థి జర్మనీకి చెందిన వెర్డర్ బ్రెమెన్. లూయిజ్ అద్రియానో తొలి గోలు కొట్టెను. బ్రెమెన్ సమము చేసినది. అదనపు కాలమున నాయకుడు దారియో స్ర్న కుడివైపు నుండి అందించిన బంతిని జాద్సన్ గోలులోనికి మళ్లించెను. షఖ్తార్ 2-1 తో గెలిచినది. స్వతంత్ర ఉక్రెయిన్ జట్టు ఒకటి యూరపు కప్పు గెలుచుట అదియే ప్రథమము. అటుపై మూడు నెలలకు దోన్బాస్ అరేనా తలుపులు తెరచుకొన్నవి. 2011లో యూరపు చాంపియన్ల లీగులో కడపటి ఎనిమిది జట్లలో షఖ్తార్ ఒకటిగా నిలిచినది. గని కార్మికుల జట్టు ఎక్కిన మెట్లలో అది ఎత్తయినది.

ఇక దిగుడు మొదలైనది. ఆ దిగుడు ఆటలో గాదు, అదృష్టములో. 2014 వసంతమున రష్యా అండగల వేర్పాటువాదులు దొనెత్స్క్‌ను వశపఱచుకొనిరి. జట్టు ఊరు విడిచినది. ఆ యేటి జులైలో ఫ్రాన్సులో స్నేహ పోటీ ఆడిన పిదప ఆరుగురు విదేశీ ఆటగాండ్రు ఉక్రెయిన్‌కు తిరిగి పోవుటకు జంకిరి. వారికి నచ్చజెప్పి రప్పింపవలసి వచ్చినది. కార్యాలయము కీవ్ నగరమునకు మారినది. నివాసము కీవ్‌లో, స్వంత మైదానమని చెప్పుకొనునది దేశమునకు పడమటి కొసనున్న ల్వీవ్‌లో. దొనెత్స్క్ నుండి రోడ్డు మార్గమున ల్వీవ్ వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరము. ఇంటి పోటీకే విమానమెక్కి పోవలసిన వింత స్థితి ఏర్పడినది. 2017లో ఆ మైదానము ఖార్కివ్‌కు, 2020లో కీవ్‌కు మారినది.

విడిచి వచ్చిన మందిరము గతి ఏమైనది? 2014లో ఫిరంగి గుండ్లు తాకి దాని గోడలు, అద్దములు దెబ్బతిన్నవి. తరువాత కొన్నేండ్లు అది అన్నార్తులకు ఆహారపు పొట్లములు పంచు కేంద్రమైనది. ఆట చూడ బారులు తీరిన చోటనే ఊరివారు పిండికి, నూనెకు బారులు తీరిరి. 2017లో వేర్పాటువాదులు దానిని స్వాధీనము చేసికొనుటతో ఆ పంపకమును ఆగినది.

ఆ 2014లోనే జరిగిన మఱొక సంగతి ఉపాధ్యాయులు ఎఱుగదగినది. జట్టు నాయకుడు స్ర్న క్రొయేషియా దేశీయుడు. యుద్ధమన నేమో చిన్ననాడు తన దేశమున చూచినవాడు. అతడు తన స్వస్థలమైన నెరెత్వ లోయ నుండి 20 టన్నుల కమలాపండ్లు కొని దొనెత్స్క్ బడిపిల్లలకు పంపించెను. తాను పోలేని ఊరికి పండ్లను పంపినాడు. ఆ పండ్ల రంగు జట్టు రంగే.

2022 ఫిబ్రవరి 24న రష్యా ఉక్రెయిన్ మీద సంపూర్ణ దండయాత్ర ప్రారంభించినది. అచ్చటి వైద్య కళాశాలలలో చదువుచున్న తెలుగు విద్యార్థులు నేలమాళిగలలో తలదాచుకొని, చలిలో సరిహద్దులు దాటి ఇల్లు చేరిన ఆ దినములను మన పాఠకులు మఱువలేదు. షఖ్తార్ ఆటగాండ్ర పరిస్థితియు అట్టిదే. బ్రెజిల్ ఆటగాండ్రు కుటుంబములతో, పసిపిల్లలతో కీవ్‌లోని ఒక హోటలులో ఆశ్రయము పొంది, అచ్చటి నుండి బయటపడిరి. లీగు ఆగిపోయినది. విదేశీ ఆటగాండ్రు తమ ఒప్పందములను నిలిపివేసికొని వేఱు జట్లకు పోవచ్చునని ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ అనుమతించినది. ఏండ్ల తరబడి కూర్చిన జట్టు కొన్ని వారములలో చెల్లాచెదరైనది. పరిహారము కోరి షఖ్తార్ వేసిన దావాను 2023లో అంతర్జాతీయ క్రీడా న్యాయస్థానము కొట్టివేసినది.

మిగిలినవారు, ముఖ్యముగా ఉక్రెయిన్ యువకులు, 2022 ఏప్రిల్‌లో దేశదేశములు తిరిగి సహాయ నిధికై పోటీలు ఆడిరి. ఏథెన్సులో ఒలింపియాకోస్‌తో మొదలైన ఆ యాత్ర పోలండు మీదుగా తుర్కియే చేరినది. ఇస్తాంబుల్‌లో ఫెనర్‌బాచె జట్టుతో ఆడునపుడు, మరియుపోల్ నుండి శరణార్థిగా వచ్చిన పండ్రెండేండ్ల బాలుని షఖ్తార్ దుస్తులతో మైదానములోనికి దింపిరి. ప్రత్యర్థులు ఎవరును అడ్డగింపలేదు. బాలుడు బంతిని నడుపుకొని పోయి గోలు కొట్టెను. జట్టు కప్పు గెలిచిన ఆ నగరములోనే ఈ గోలును పడినది. ఏ పట్టికకును ఎక్కకున్నను చూచినవారి మనసున అది నిలిచిపోవును.

2022 ఆగస్టు 23న లీగు తిరిగి ఆరంభమైనది. కీవ్‌లోని ఒలింపిక్ మైదానమున షఖ్తార్, ఖార్కివ్ మెటలిస్ట్ 1925 జట్లు గోలు లేకుండ సమముగా ముగించినవి. ప్రేక్షకులకు ప్రవేశము లేదు. వైమానిక దాడి హెచ్చరిక మ్రోగినపుడు ఆట నిలిపి, ఇరుజట్లును ఆశ్రయమునకు పోవలెను. ప్రమాదము తొలగినదని తెలిసిన పిదప తిరిగి వచ్చి మిగిలిన నిమిషములు ఆడవలెను. ఇట్టి నియమములతో జరిగిన లీగులో 2023లోను, 2024లోను షఖ్తారే విజేత. దీనితో దాని లీగు విజయములు 15 అయినవి. వానిలో ఆరు ఊరు విడిచిన తరువాత సాధించినవి.

యూరపు పోటీలకు ఉక్రెయిన్ గడ్డపై అనుమతి లేకపోవుటచే జట్టు దేశము దాటినది. 2022లో వార్సా, 2023లో హాంబుర్గ్, 2024లో గెల్జెన్‌కిర్హెన్ దాని స్వంత మైదానములైనవి. గెల్జెన్‌కిర్హెనును బొగ్గు గనుల ఊరే యగుట విశేషము. 2022 సెప్టెంబరులో లైప్‌త్సిగ్ జట్టును దాని ఇంటనే 4-1 తో షఖ్తార్ ఓడించినది. 2023 నవంబరు 7న హాంబుర్గ్‌లో దనిలో సికాన్ తలతో కొట్టిన ఏకైక గోలుతో బార్సిలోనాను జయించినది. ధనబలము తఱిగినది, విదేశీ ఆటగాండ్రు పోయిరి, స్వంత పచ్చిక లేదు. అయినను బంతి ఆగలేదు.

ఈ విజయములు యుద్ధమును ఆపలేదు, ఆపజాలవు. ఆట దుఃఖమునకు మందు కాదు. 2014లో పుట్టిన దొనెత్స్క్ బిడ్డ నేడు ఉన్నత పాఠశాలకు వచ్చు ఈడు వాడు. తన ఊరి జట్టు తన ఊరిలో ఆడగా అతడు ఒక్కసారియు చూడలేదు. నాడు కమలాపండు తిన్న బడిపిల్లలు పెరిగి పెద్దవారైరి. వారిలో కొందఱు ఊరిలోనే యుండవచ్చును, కొందఱు ఏ దేశముననో యుండవచ్చును. ఎచ్చట నున్నను వారికందఱికిని ఉమ్మడిగా మిగిలిన కొద్ది వస్తువులలో ఈ జట్టు ఒకటి.

ఊరి పేరును ఏలికలు మార్చుచు వచ్చిరి. జట్టు మాత్రము పదేండ్లకు పైగా ఊరికి దూరమైయుండియు దొనెత్స్క్ అను పేరును వదలుకొనలేదు. ల్వీవ్‌లో ఆడినను, వార్సాలో ఆడినను, హాంబుర్గ్‌లో ఆడినను పట్టికలో షఖ్తార్ ప్రక్కన వ్రాయబడిన ఊరు అదియే. బావిలోనికి దిగిన కార్మికుడు ఎంత లోతున నున్నను, షిఫ్టు ముగిసిన పిదప తాను ఏ యింటికి చేరవలెనో మఱువడు.