ఉగ్గాని ముద్ద కాకుండా

ఆదోని, ఎమ్మిగనూరు పలహారం అనగానే గుర్తొచ్చేది ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. సరిహద్దు దాటి బళ్ళారి వెళితే దీన్నే మండక్కి ఒగ్గరణె అంటారు. జపానులో గిన్నెడు అన్నం మీద మాంసమో కూరగాయలో పరచి దొంబురి అని తింటారట. మన ఉగ్గానీ అలాంటి ఒక్క గిన్నె తిండే, కాకపోతే ఇక్కడ అన్నానికి బదులు బొరుగులు.

ఇంట్లో చేస్తే ముద్దవుతోందని చాలామంది అంటూంటారు. బొరుగులంటే ఏమిటి? ఉప్పుడు బియ్యానికి ఉప్పునీళ్ళు పట్టించి, కాలిన ఇసుకలో వేయించినవే కదా! ఒకసారి ఉడికిన గింజను మళ్ళీ ఉడికించడమెందుకు? తడిస్తే చాలు. అందుకని పోపు సిద్ధమయ్యాకే నీళ్ళలో వేయండి.

నలుగురికి 200 గ్రాముల బొరుగులు తీసుకోండి. నూనెలో ఆవాలు, కరివేపాకు, పచ్చిమిర్చి, రెండు ఉల్లిపాయలు, పసుపు, టమాటా మగ్గనివ్వండి. పిల్లలకోసం క్యారెట్టు తురుము, బఠాణీలు కలిపినా తప్పులేదు, పాతకాలపువాళ్ళు ఒప్పుకోరనుకోండి! పల్చటి బొరుగులు ముంచగానే మెత్తబడతాయి. లావువాటికి ఒకటి రెండు నిమిషాలు పడుతుంది. ఒకటి నొక్కి చూసి, నడిమి పలుకు పోగానే గుప్పెళ్ళతో పిండి పోపులో వేయండి. ఉప్పు మాత్రం రుచి చూసే వేయాలి, బొరుగుల్లో ముందే ఉంటుంది.

గుప్పెడు పుట్నాలపప్పు, కాస్త ఎండుకొబ్బరి, నాలుగు వెల్లుల్లి రెబ్బలు పొడికొట్టి చివర్లో చల్లండి. ఇది మానకండి. మిగిలిన చెమ్మను పీల్చేదీ, కడుపు నిలిచేట్టు చేసేదీ ఈ పొడే. దించి నిమ్మరసం పిండి, వేడిమీదే వడ్డించండి.