మెట్టతాబేటికి నీటిమడుగు



పెరటిలో పెరుగు పెద్ద తాబేటికి నీటిమడుగు కట్టుట యెట్లు? నేటి ప్రసంగమునకు విషయ మిది. విన్నంతనే యిది చిన్న విషయముగా దోచవచ్చును. కాని యిందొక మూగజీవము బ్రతుకు ముడివడి యున్నది. తాబేలనగానే నీటిలోని ప్రాణియని మనవారిలో పెక్కుమంది తలంతురు. కూర్మావతారము పాలకడలిలో మందరగిరిని మోసినది. చెరువులలోను బావులలోను మనము చూచునవియు నీటితాబేళ్ళే. అందుచే చేనిగట్టున మెట్టతాబేలు కానవచ్చినప్పుడు, పాపము నీరు విడిచి దారి తప్పినదని జాలిపడి, దానిని తెచ్చి బావిలో విడుచువారు కలరు. పుణ్యమనుకొని చేసిన యా పని దానికి మరణమే తెచ్చును. మెట్టతాబేటికి ఈత రాదు. కొంతసేపు కాళ్ళు కొట్టుకొని, పట్టు దొరకక, అలసి మునిగిపోవును. కావున మడుగు సంగతి చెప్పుటకు ముందు, ఏ తాబేటికి ఎంత నీరు కావలయునో తెలిసికొనుట మేలు.

గుర్తు కాళ్ళలో నున్నది. నీటితాబేటి కాలివ్రేళ్ళ నడుమ బాతునకు వలె చర్మముండును. చిప్ప బల్లపరుపుగా నుండును. గోదావరిలోను, మన చెరువులలోను నుండు మెత్తనిచిప్ప తాబేళ్ళు ఈ జాతివి. మెట్టతాబేటి కాళ్ళు ఏనుగుకాళ్ళవలె స్తంభాకారముగా నుండును; వ్రేళ్ళ నడుమ చర్మముండదు; చిప్ప గోపురమువలె పైకి లేచి బరువుగా నుండును. మన దేశపు నక్షత్రతాబేలు ఇట్టిదే. నల్లని చిప్పమీద పసుపుపచ్చని గీతలు చుక్కలనుండి కిరణములవలె ప్రసరించి యుండుటచే దాని కా పేరు వచ్చినది. ఇది పొడినేలల పొదలలో తిరిగి గడ్డియు నాకులును మేయును.

ఇక చట్టము మాట. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము నక్షత్రతాబేటిని పట్టుటయు, కొనుటయు, అమ్ముటయు, ఇంట బెంచుటయు నేరములు. 2019లో జెనీవా నగరమున గూడిన దేశములన్నియు దీని యంతర్జాతీయ వ్యాపారమును నిషేధించు పట్టికలో చేర్చినవి. ఇంట నున్నచో సిరి కలుగునను నమ్మకముచే దీనిని గొని తెచ్చువారు సిరికి మారుగా చెరసాల త్రోవ త్రొక్కుచున్నారు. శ్రీకాకుళము జిల్లాలోని శ్రీకూర్మ దేవాలయ ప్రాంగణమున నక్షత్రతాబేళ్ళను పోషించుట కలదు. అది దేవాలయమునకు సంబంధించిన విషయమే కాని ఇంటింట ననుకరింప దగినది కాదు. విదేశజాతుల తాబేళ్ళను, ముఖ్యముగా ఆఫ్రికాఖండపు సహారా యెడారి దక్షిణపు టంచున బుట్టిన సుల్కాటా యను పెద్ద జాతిని, పెంచువారు మన పట్టణములలో నున్నారు. 2022లో చేసిన చట్టసవరణమును, 2024లో వచ్చిన నిబంధనలను అనుసరించి అట్టివారు తమ ప్రాణులను ప్రభుత్వమువద్ద నమోదు చేయించుకొనవలెను. ఈ ప్రసంగమున జెప్పు మడుగు అట్లు చట్టబద్ధముగా నున్న పెద్దతాబేళ్ళకే.

ఎడారి యంచున బుట్టిన ప్రాణికి మడుగేల యని మీ రడుగవచ్చును. పొడినేల ప్రాణి నీరు లేక చిరకాల మోర్చుకొనునన్నమాట నిజము. నీ రక్కరలేదన్నమాట నిజము కాదు. అది దొరికినప్పుడు కడుపార త్రాగి, మూత్రాశయమున నిలువ చేసికొని, కరవుకాలమున దానిని మెల్లమెల్లగా వాడుకొనును. 1835లో గాలాపాగస్ దీవులకు బోయిన డార్విను పండితుడు, అచ్చటి మహాకూర్మములు దూరముననున్న యూటలకు బోవుటచే కొండలమీద బాటలేర్పడి యుండుటను జూచెను. అవి తల కన్నులవరకు నీట ముంచి నిమిషమునకు పది గుటకల చొప్పున త్రాగుచుండెనని వ్రాసెను. మెట్టతాబేలు తన శరీరమునందలి మలినమును తెల్లని ముద్దగా విడుచును. నీరు చాలనిచో నా ముద్ద లోపలనే గట్టిపడి రాయి యగును; మూత్రపిండములు చెడును. నీటిలో నిలిచినప్పుడు తాబేలు త్రాగుటయే కాక యీ మలినమును గూడ సులభముగా విడుచును. అందుచే మడుగు దానికి పానపాత్రయు, స్నానఘట్టమును, వేసవిలో చల్లని నీడయు నగుచున్నది.

గోదావరిఖని, రామగుండము ప్రాంతములలో నీ మూడవ ప్రయోజనము మిక్కిలి ముఖ్యము. ఇచ్చట వేసవిలో పగటివేడి 45 డిగ్రీలు దాటు దినములు కలవు. మనకువలె చెమటపట్టి శరీరమును చల్లార్చుకొను శక్తి తాబేటికి లేదు. చుట్టునున్న గాలి యెంత వేడెక్కినచో దాని యొడలును అంత వేడెక్కును. నీడయు, తడినేలయు లేనిచో ఒక్క మధ్యాహ్నము చాలును, దాని ప్రాణము పోవుటకు.

ఇక మడుగు కట్టు విధము. రెండడుగుల చిప్పగల తాబేటిని లెక్కలోనికి దీసికొందము. సుల్కాటా పెరిగిన కొలది బరువు 50 కిలోగ్రాములు దాటవచ్చును. కావున రేకుతొట్లును ప్లాస్టిక్ తొట్లును దాని బరువునకు నిలువవు. అంచు నిటారుగా నున్న కుడితిగోలెము వంటిది అసలు పనికిరాదు; లోనికి దిగినది పైకి రాలేదు. మడుగు పళ్ళెమువలె అన్ని వైపుల వాలుగా నుండవలెను. ఆరడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పుగల కోడిగ్రుడ్డు ఆకారము చాలును. నడుమ రెండడుగుల మేర సమతలముగా నుంచి, అచ్చట మాత్రము నాలుగంగుళముల నీరు నిలుచునట్లు చేయవలెను. అంచునుండి నడిమికి వాలు, ఆరంగుళములకు ఒక అంగుళము దిగునట్లున్నచో చాలును. నీరు తాబేటి చిప్పలో క్రిందిభాగమువరకే రావలెను. తల చాచి నిలిచినప్పుడు గడ్డము నీటిపై నుండవలెను. ఇట్టి మడుగునకు 100 మొదలు 120 లీటర్ల వరకు, అనగా ఏడెనిమిది బిందెల నీరు పట్టును. చిన్నతాబేళ్ళకు లోతును దానికి దగినట్లు తగ్గింపవలెను.

ఉదయపుటెండ తగిలి, మధ్యాహ్నము నీడ పడు చోటు మంచిది. వేపయు కానుగయు నీడకు దగినవి. గన్నేరు విషపుచెట్టు, దాని యాకు రాలుచోట మడుగు కట్టరాదు. నడిమి భాగమున అడుగు లోతు త్రవ్వి, అంచులకు వచ్చుకొలది లోతు తగ్గింపవలెను. చలకనేలయైనచో నాలుగంగుళముల మందమున మొరము పోసి, నీరు చల్లి, దిమ్మిసతో గట్టిగా గొట్టినచో చాలును. రేగడినేల వానకు ఉబ్బి ఎండకు బీటలు వారును. దానిపై నేరుగా వేసిన కాంక్రీటు పగులును. కావున రేగడిలో మరియొక ఆరంగుళములు లోతుగా త్రవ్వి మొరము నింపవలెను. బొగ్గుపొడియు, కొలిమిబూడిదయు సులభముగా దొరకునని వానిని మొరమునకు బదులుగా వాడరాదు. బొగ్గుబూడిదలో సీసము, పాషాణము మొదలగు విషధాతువులు స్వల్పముగా నుండును. తాబేలు నేల నాకును, మట్టి దినును.

కాంక్రీటు పోయుటకు ముందే నీరు బయటకు బోవు గొట్టమును అమర్చవలెను. ఇది మరచినవారు ప్రతిదినము చెంబుతో నీరు తోడవలసి వచ్చి, వారము తిరుగకముందే విసిగి, మడుగును మురికిగుంటగా విడుతురు. మడుగు నడుమ అన్నింటికంటె పల్లమైన చోట రెండంగుళముల గొట్టము పెట్టి, దానికి నేలతో సమముగా నుండు బిరడా బిగింపవలెను. గొట్టపు రెండవకొనను పల్లముగా దీసికొనిపోయి, రాళ్ళు నింపిన యింకుడుగుంతలో కలుపవలెను. గుంత త్రాగునీటి బావికి దూరముగా నుండవలెను. ఈ నీటిని పూలమొక్కలకు పాఱింపవచ్చును. పచ్చిగా దిను కూరలకు పాఱింపరాదు.

పిమ్మట ఒక పాలు సిమెంటు, రెండు పాళ్ళ యిసుక, నాలుగు పాళ్ళ కంకర కలిపి, కోడిజాలి నడుమ నుంచి, మూడంగుళముల మందమున పోయవలెను. పైన ఒక పాలు సిమెంటునకు మూడు పాళ్ళ యిసుక చొప్పున అంగుళము మందమున పూత పూయవలెను. పూతను నున్నగా మెరయునట్లు చేయుట పెద్ద పొరపాటు. తడిసిన నున్నని నేలపై తాబేలు జారును. మిక్కిలి గరుకుగా నున్నచో దాని యడుగుచిప్ప యరుగును. తడిపూతపై మెత్తని చీపురుతో అడ్డముగా గీతలు దీసినచో రెండు చిక్కులును దీరును. మడుగు చుట్టు అడుగు వెడల్పున షాబాదు బండలు గరుకువైపు పైకి వచ్చునట్లు పరచి, అంచుతో సమముగా నుంచవలెను. సుల్కాటా నేల త్రవ్వుటలో గట్టిది. బండలు లేనిచో అంచు క్రింద బొరియ చేసి మడుగునే కూల్చును. అంచున మెట్టు గాని గట్టు గాని యుండరాదు; దానికి దట్టుకొని వెల్లకిలబడిన తాబేలు తనంతట లేవలేక, నీటిలోనైనను ఎండలోనైనను మరణించును. ఈ పనికంతటికిని సుమారు రెండు బస్తాల సిమెంటు చాలును.

క్రొత్త సిమెంటులో సున్నపుఘాటు గలదు; అది కన్నులకును చర్మమునకును హాని చేయును. కావున రెండు వారములు తడుపుచు నుంచి, తరువాత నీరు నింపి, మరునాడు వదలి, ఇట్లు ఐదారుమారులు కడిగిన పిమ్మటనే తాబేటిని దింపవలెను.

వాడుకలో గొన్ని నియమములు. త్రాగుటకు దగిన నీటినే పోయవలెను. గనులనుండి తోడిన నీటిలో లవణము లెక్కువగా నుండవచ్చును. పరీక్షింపనిదే దానిని వాడరాదు. ఎండలో మిద్దెమీది నల్లతొట్టినుండి వచ్చు నీరు మధ్యాహ్నము కాలునంతగా నుండును. చేయి పెట్టి చూచి, గోరువెచ్చనై యున్నప్పుడే నింపవలెను. చలికాలమున ప్రొద్దెక్కిన పిమ్మట నీట దింపి, చీకటి పడకముందే యొడలు ఆరనీయవలెను. నీటిలోనికి దిగగానే తాబేలు మలవిసర్జనము చేయుట సహజము. ఆ నీటినే అది త్రాగును. కావున మురికియైన నీటిని ఆ పూటయే వదలవలెను. నీరు శుభ్రముగా దోచినను ప్రతిదినమును మార్చుట మేలు. ఇచ్చట గాలిలోని బొగ్గుదుమ్ము నీటిపై పొరగా గట్టును; అదియుగాక వారము దినములు కదలక నిలిచిన నీట దోమలు పుట్టి డెంగీజ్వరమునకు త్రోవ తీయును. మడుగును చీపురుతోను నీటితోను రుద్ది కడుగవలెను. ఘాటైన మందులు పోసినచో పూర్తిగా కడిగి యారబెట్టవలెను. తాబేటి మలమున మనకు విరేచనములు కలిగించు సూక్ష్మక్రిము లుండును. దానిని గాని దాని నీటిని గాని ముట్టినవారు, ముఖ్యముగా పిల్లలు, సబ్బుతో చేతులు కడుగుకొనవలెను. దాని మడుగు కడిగిన చీపురు వంటయింటికి రారాదు. నడక నేర్చిన పసిపిల్లలున్న యింట మడుగు చుట్టు కంచె తప్పదు. నాలుగంగుళముల నీరైనను పసివానికి అపాయమే.

చివరి మాట యొకటి పెద్దలైన మీతోనే చెప్పవలసినది. హైదరాబాదు నెహ్రూ జంతుశాలలో 2024 మార్చిలో మరణించిన గాలాపాగస్ తాబేటి వయస్సు, అచ్చటివారి లెక్క ప్రకారము, 125 ఏండ్లు. అది 1963లో బాగేఆమ్ తోటనుండి యా జంతుశాలకు వచ్చినది. సుల్కాటాయు ఏబదియేండ్లకు మించి బ్రతుకగలదు. నేడు ముచ్చటపడి తెచ్చిన బాలుడు తాతయైన నాటికిని ఆ ప్రాణి పెరటిలోనే యుండవచ్చును. కావున కొనుటకు ముందు, మన తరువాత దానికి నీరు పోయువా రెవరని యింటిలో నిర్ణయించుకొనుట ధర్మము. నిర్ణయింపలేనివారు కొనకుండుటయే దయ. విసిగిన పిమ్మట దానిని చెరువులోనో గోదావరిలోనో విడుచుట దానిని చంపుటయే.

మీ గ్రామమున నక్షత్రతాబేలు కానవచ్చినచో దానిని ఇంటికి దేవలదు, బావిలో వేయవలదు. అది నడచు త్రోవననే పోనిండు. గాయపడినదైనను, ఎవరైన అమ్మజూపినదైనను, అటవీశాఖవారికి కబురంపుడు. కాలివ్రేళ్ళ నడుమ చర్మమున్నచో చెరువు, స్తంభమువంటి కాళ్ళున్నచో మెట్ట: ఈ యొక్క గుర్తు మీ యూరి పిల్లలకు నేర్పినచో, ఎన్నో ప్రాణములు నిలుచును.