పిన్నుకూ బుష్‌కూ మధ్య

1880లో మాంచెస్టర్‌లో హాన్స్ రెనాల్డ్ అనే స్విస్ ఇంజనీరు చైన్‌లో చేసిన మార్పు చూడటానికి చాలా చిన్నది. పిన్నుకు సన్నని ఉక్కు గొట్టం తొడిగాడు. అదే బుష్. దాని మీద రోలర్ తిరుగుతుంది. అంతకుముందు లాగుడు బరువంతా పక్క పలకల రంధ్రాల అంచుల మీదే పడేది, అవి త్వరగా అరిగేవి. ఇప్పుడు ఆ బరువు బుష్ నిడివంతా పరుచుకుంది. 1903లో రైట్ సోదరుల విమానం ప్రొపెల్లర్లను తిప్పింది రోలర్ చైన్లే.

మనుషులెక్కి తిరిగే చిన్న మోడల్ రైలింజన్లలోనూ మోటారు నుంచి ఇరుసుకు శక్తిని చేర్చేది తరచూ ఈ చైనే. అయితే ఇక్కడ పక్కపక్క పిన్నుల మధ్య దూరం, అంటే పిచ్, తరచూ 6 లేదా 8 మిల్లీమీటర్లే ఉంటుంది.

చైన్ సాగిందంటాం గానీ పలకలు సాగవు. పిన్నూ బుష్షూ ఒకదాన్నొకటి ఒరుసుకుని అరుగుతాయి, ప్రతి కీలులో ఖాళీ పెరుగుతుంది. కీలుకు 0.06 మిల్లీమీటరు అరిగిందనుకోండి. 12.7 పిచ్ ఉన్న సైకిల్ చైన్‌లో అది అర శాతం లోపే. 6 పిచ్ చైన్‌లో పూర్తిగా ఒక శాతం! ఇంజన్ను చిన్నది చేసినా దుమ్ము రేణువు చిన్నది కాదు. పైగా ఈ చైన్ నేలకు జానెడు ఎత్తులో కూడా ఉండదు. చిన్న చైన్‌కే ఎక్కువ శ్రద్ధ కావాలనేది అందుకే.

పైన దట్టంగా గ్రీజు పూయడం నాకు అసలు నచ్చదు. అది లోపలికి దిగదు, దుమ్మును మాత్రం పట్టి ఉంచుతుంది. చైన్ విప్పి కిరోసిన్‌లో కడిగి, ప్రతి కీలునూ మడిచి చూసి, ఆరాక పలకల సందుల్లో పల్చటి నూనె చుక్కలుగా వేయాలి. పైన మిగిలింది తుడిచేయాలి.

కొలవడం తేలికే. 6 పిచ్ చైన్‌ను బిగువుగా లాగి 50 పిచ్‌లు కొలిస్తే 300 మిల్లీమీటర్లు రావాలి. 303 వస్తే ఒక శాతం అరుగుదల. యంత్రాల్లో సాధారణంగా 3 శాతాన్ని ఆఖరి హద్దుగా పెట్టుకుంటారు. చైన్ నడిచే పళ్ల చక్రాల మధ్య దూరం సర్దే వీలులేని బండికి అంతవరకూ ఆగకూడదు. పిచ్ పెరిగిన చైన్ పంటి కొన మీదికి ఎక్కుతుంది, పళ్లు కొక్కెంలా వంగినట్టు అరుగుతాయి. ఆ చక్రానికి కొత్త చైన్ వేస్తే అదీ త్వరగా పాడవుతుంది, రెండూ కలిపి మార్చడమే మేలు.

పళ్ల లెక్క కూడా ముఖ్యమే. 60 లింకుల చైన్‌కు 15 పళ్ల చక్రం పెడితే ప్రతి లింకూ ఎప్పుడూ ఒకే పంటి మీద పడుతుంది. 17 పళ్లయితే చైన్ 17 చుట్లు తిరిగాకే అదే జత మళ్లీ కలుస్తుంది, అరుగుదల అన్నిటికీ పంచబడుతుంది.

చైన్ రెండు కొసలనూ కలిపే జాయింటు క్లిప్పు మూసిన కొన చైన్ నడిచే దిక్కుకు ఉండాలి. ముందుకూ వెనక్కూ సమానంగా తిరిగే ఇంజన్‌కు మాత్రం క్లిప్పు బదులు రివెట్ వేయడమే నయం.