మారియో రెండో ఆట: నలుగురిలో ఎవరు?



చిన్నప్పుడు టీవీకి తగిలించి, క్యాసెట్ పెట్టి ఆడిన మారియో మీలో చాలామందికి గుర్తుండే ఉంటాడు. దాని తర్వాతి ఆట 'సూపర్ మారియో బ్రదర్స్ 2' 1988లో అమెరికాలో విడుదలైంది. ఈ సెలవుల్లో పిల్లలతో కలిసి ఆడి చూడండి.

మొదటి ఆటలో శత్రువు నెత్తిమీద దూకితే చాలు. ఇందులో దూకితే వాడి మీద నిలబడతాం, అంతే. వాణ్ణి ఎత్తి ఇంకొకడి మీదికి విసరాలి. లేదంటే మన బోధన్ వైపు చేలల్లో ముల్లంగి పీకినట్టు నేలలోంచి కూరగాయ పీకి కొట్టాలి.

ప్రతి లెవల్ ముందు నలుగురిలో ఒకరిని ఎంచుకోవాలి:

• లూయీజీ: అందరికంటే ఎత్తు ఎగురుతాడు.
• టోడ్: వేగంగా పీకుతాడు, ఎత్తు ఎగరలేడు.
• ప్రిన్సెస్: కాసేపు గాలిలో తేలుతుంది, పీకడంలో నెమ్మది.
• మారియో: అన్నింటిలో మధ్యస్థం.

పెద్ద గుంత దాటాలంటే ప్రిన్సెస్, ఇసుక తవ్వాలంటే టోడ్. అన్ని లెవల్స్‌కీ ఒక్కరే గొప్ప కాదు.

"అక్కను చూసి నేర్చుకో" అనే మాట మార్కుల రోజున మేం తరచూ వింటాం. ఆ మాట విన్న పిల్లలు తల దించుకుంటారు. ఆటలో మాత్రం "ఈ లెవల్‌కి టోడ్‌నే ఎందుకు తీసుకున్నావు?" అని అడగండి. లెక్కల్లో తడబడేవాళ్లు కూడా కారణం చకచకా చెప్తారు. ఆ కారణం చివరిదాకా వినండి. మీ బిడ్డ ఎలా ఆలోచిస్తుందో అందులో తెలుస్తుంది.