జాజ్ కీబోర్డు: చెవికి పని చెప్పే యాప్ ఏది?

కీబోర్డు కొన్నారు. జాజ్ మీద మనసు పడ్డారు. ఫోన్ తెరిస్తే నేర్పిస్తామంటూ యాప్‌లు వరస కట్టాయి. వాటిలో ఏది మీ వేళ్లకి పని చెబుతుంది, ఏది మీ చెవికి పని చెబుతుంది? ఎంచుకునే ముందు ఒక పాత కాగితం చుట్ట కథ వినండి.

వందేళ్లు దాటిన మాట. వాషింగ్టన్ నగరంలో డ్యూక్ ఎలింగ్టన్ అనే కుర్రాడు ప్లేయర్ పియానో ముందు కూర్చున్నాడు. ఆ పియానోలో చిల్లులు పొడిచిన కాగితం చుట్ట తిరుగుతుంటే, చిల్లు వచ్చినప్పుడల్లా మెట్టు దానంతటదే కిందికి దిగుతుంది. అందులో ఉన్నది జేమ్స్ పి. జాన్సన్ వాయించిన ‘కరోలినా షౌట్’. మామూలు వేగంలో ఆ మెట్లు కంటికి ఆనవు. అందుకని చుట్ట వేగం తగ్గించి, దిగిన ప్రతి మెట్టు మీదా వేలు ఆనిస్తూ పాట మొత్తం పట్టేశాడు. న్యూయార్క్‌లో ఫ్యాట్స్ వాలర్ కూడా ఆ పాటను ఇలాగే నేర్చుకున్నాడు.

జాజ్ కీబోర్డు నేర్పిన తొలి సాఫ్ట్‌వేర్ ఆ చుట్టే అనుకోవచ్చు. ఎక్కడ నొక్కాలో చూపింది, అడిగినంత నెమ్మదిగా నడిచింది. ఇవాళ్టి యాప్‌లు కూడా చాలావరకు ఈ రెండు పనులే చేస్తాయి. ఆ చుట్ట చేయని పని ఒకటి మాత్రం కొన్ని యాప్‌లు అదనంగా చేస్తున్నాయి. మార్కులు వేస్తున్నాయి.

తప్పు కార్డ్ పడిన రాత్రి

సింథీసియా లాంటి సాఫ్ట్‌వేర్‌లో రంగు పట్టీలు తెర పైనుంచి జారి మెట్ల మీద పడతాయి. పట్టీ తాకిన క్షణానే నొక్కితే ఒప్పు, లేదంటే తప్పు. కీబోర్డు కొత్తవాళ్లకి మెట్లు పరిచయం కావడానికి, రెండు చేతులూ కలవడానికి ఇది మంచి సాయమే. జాజ్‌కి మాత్రం ఈ లెక్క సరిపోదు.

1960ల్లో జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో మైల్స్ డేవిస్ బృందం ‘సో వాట్’ వాయిస్తోంది. మైల్స్ సోలో మంచి ఊపులో ఉండగా, పియానో మీద హెర్బీ హ్యాంకాక్ చెయ్యి తప్పు కార్డ్ (కలిపి మోగించే స్వరాల గుంపు) మీద పడింది. మైల్స్ ఒక్క క్షణం ఆగి, ఆ కార్డే సరైనదనిపించే స్వరాలు అందుకున్నారు. ఈ సంగతి హ్యాంకాక్ స్వయంగా చాలాసార్లు చెప్పారు. ఆ రాత్రి మైల్స్ చేసిన పని వినడం. జాజ్‌లో అసలు నేర్చుకోవాల్సింది అదే. మార్కులు వేసే ప్రోగ్రాం ఆ కార్డ్‌ని తప్పు కింద జమ కట్టి ముందుకు పోయేది.

రెండు వేళ్ల పాఠం

చెవికి పని చెప్పడమంటే ఏమిటో ఇప్పుడే చూడొచ్చు. జాజ్ పాటల్లో మాటిమాటికీ వచ్చే వరస ఇది: డి మైనర్ 7, జి 7, సి మేజర్ 7. కుడిచేతి బొటనవేలు ఎఫ్ మీద, చిటికెన వేలు పైనున్న సి మీద ఉంచండి. ఎడమచేత్తో డి నొక్కండి. మొదటి కార్డ్ వచ్చేసింది. ఇప్పుడు ఎడమచేత్తో జి నొక్కి, చిటికెన వేలిని సి నుంచి పక్కనున్న బి మీదికి దించండి. బొటనవేలు కదపొద్దు. అది రెండో కార్డ్. చివరగా ఎడమచేత్తో సి నొక్కి, బొటనవేలిని ఎఫ్ నుంచి పక్కనున్న ఇ మీదికి జార్చండి. ఈసారి చిటికెన వేలు కదలదు.

రెండో కార్డ్ దగ్గర ఏదో తేలక నిలిచినట్టుంటుంది. మూడో దాని దగ్గర ఇంటికి చేరినట్టుంటుంది. ఆ తేడా చెవికి తెలిసిన రోజున పుస్తకం లేకుండానే వేలు దారి వెతుక్కుంటుంది. ఇదే వరసను 12 శ్రుతుల్లోనూ వాయించాలి. దానికి అలసట ఎరగని తోడు కావాలి. సాఫ్ట్‌వేర్ నిజంగా అక్కరకొచ్చేది ఇక్కడే.

తోడు వాయించేవి

1967లో జేమీ ఎబర్‌సోల్డ్ అనే అమెరికన్ శాక్సఫోన్ విద్వాంసుడు సాధన కోసమే ఒక రికార్డు తెచ్చారు. ఒక స్పీకర్‌లో బేస్, డ్రమ్స్. రెండో దాంట్లో పియానో, డ్రమ్స్. పియానో నేర్చుకునేవాళ్లు రెండోది ఆపేసి, ఆ చోట తాము వాయించేవారు. 1990లో కెనడా నుంచి వచ్చిన బ్యాండ్-ఇన్-ఎ-బాక్స్‌లో కార్డ్స్ పేర్లు టైపు చేస్తే చాలు, కంప్యూటరే బృందమైపోతుంది. ఇవాళ ఆ పనిని ఫోన్‌లోనే చేసి పెడుతోంది ఐరియల్ ప్రో. వేగం, శ్రుతి మన ఇష్టం. చాలామంది మరిచిపోయేది ఒకటుంది: మిక్సర్‌లో పియానో శబ్దం పూర్తిగా తగ్గించుకోవాలి. లేకపోతే మీ చోటులో యాప్ కూర్చుంటుంది. ఇందులో కార్డ్స్ మాత్రమే ఉంటాయి, పాట వరస ఉండదు. దాన్ని రికార్డింగ్ విని నేర్చుకోవాలి. అదీ మంచికే.

నెమ్మది చేసేవి

పాతకాలపు రికార్డును సగం వేగంతో తిప్పితే స్థాయి కూడా ఒక ఆక్టేవ్ కిందికి దిగిపోయేది. ట్రాన్‌స్క్రైబ్, అమేజింగ్ స్లో డౌనర్ లాంటివి శ్రుతి చెదరకుండా వేగాన్ని మాత్రమే తగ్గిస్తాయి. కొత్తవాళ్లకి నేను ముందుగా చెప్పేది వీటి గురించే. జాజ్ ఊపు కాగితం మీదికి పూర్తిగా ఎక్కదు. సమానంగా రాసిన రెండు స్వరాల్లో మొదటిది కాస్త సాగుతుంది, రెండోది కురచవుతుంది. ఎంత సాగాలో విద్వాంసుణ్ణి వినాల్సిందే. పియానిస్ట్ లెనీ ట్రిస్టానో తన శిష్యుల చేత గొప్ప సోలోలను ముందు నోటితో పాడించేవారు. వాయించడం ఆ తర్వాతే.

కొనే ముందు చూసుకోండి

• కావలసిన ముక్కను మళ్లీ మళ్లీ తిప్పుతుందా? వేగం, శ్రుతి విడివిడిగా మారుతున్నాయా?

• పియానో శబ్దం ఒక్కటే ఆపే వీలుందా?

• కీబోర్డుకి యూఎస్‌బీ మిడి ఉందా? 1983లో మొదలైన ఈ మిడి ఒప్పందం వల్లే ఏ కంపెనీ కీబోర్డయినా సాఫ్ట్‌వేర్‌తో మాట్లాడగలుగుతోంది.

• బ్లూటూత్ హెడ్‌ఫోన్స్ వద్దు. నొక్కిన కాసేపటికి శబ్దం వస్తే లయ చెడుతుంది. వైరున్నవే వాడండి.

ఇవాళ సాయంత్రమే మొదలుపెట్టాలంటే, 1959 నాటి ‘కైండ్ ఆఫ్ బ్లూ’ ఆల్బమ్‌లో ‘ఫ్రెడీ ఫ్రీలోడర్’ తీసుకోండి. 12 బార్ల (తాళావర్తాల) బ్లూస్ అది. వింటన్ కెలీ పియానో సోలోలో మొదటి నాలుగు బార్లు చాలు. వేగం సగానికి తగ్గించి వినండి, పాడండి, ఆ తర్వాతే మెట్లు వెతకండి. చేతికి వచ్చాక అసలు వేగానికి తీసుకెళ్లి, ఫోన్ ఆపేసి వాయించండి. జాన్సన్ తమ ఊరికి వచ్చినప్పుడు ఎలింగ్టన్ ఆయన ఎదుటే ‘కరోలినా షౌట్’ వాయించాడు. ఆ రోజు పియానోలో చుట్ట తిరగలేదు.