కప్పు ఇవాళ... నొప్పి రేపు!

ఒకవైపు కోట్లు, పతకాలు, పేరు. మరోవైపు ఆట మానేశాక కూడా వదలని గాయాలు. ఈ బేరం గిట్టుబాటేనా?

• ‘ఈ మందు వేసుకుంటే గెలుపు ఖాయం, కానీ అయిదేళ్లలో చనిపోతావు. సరేనా?’ అమెరికా వైద్యుడు బాబ్ గోల్డ్‌మన్ 1980ల్లో ఇలా అడిగితే దాదాపు సగం మంది క్రీడాకారులు సై అన్నారట! 2013లో వెలువడిన మరో అధ్యయనంలో 212 మంది అథ్లెట్లను ఇదే అడిగితే ఒప్పుకున్నది ఇద్దరే.

• అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు క్రిస్ బోర్లాండ్ ఒక్క సీజన్ ఆడి, 2015లో 24 ఏళ్లకే రిటైరయ్యాడు. తలకు తగిలే దెబ్బలతో మెదడు పాడవుతుందన్న భయమే కారణం. ఒప్పందం కుదిరినప్పుడు తీసుకున్న బోనస్‌లో ముప్పావు వంతు తిరిగిచ్చేశాడు కూడా.

• ఇంగ్లండ్ ఫుట్‌బాలర్ జెఫ్ ఆసిల్ 2002లో 59 ఏళ్లకు కన్నుమూశాడు. ఏళ్ల తరబడి తోలు బంతిని తలతో కొట్టడమే మెదడును దెబ్బతీసిందని విచారణలో తేలింది. గని కార్మికుల ఊపిరితిత్తుల జబ్బులాగే ఇదీ వృత్తివల్ల వచ్చిన వ్యాధేనన్నారు.

• గ్లాస్గో పరిశోధకులు స్కాట్లాండ్ మాజీ ప్రొఫెషనల్ ఫుట్‌బాలర్లు 7,676 మంది వివరాలు పరిశీలించారు. మతిమరుపులాంటి మెదడు వ్యాధులతో చనిపోయే ముప్పు వీళ్లకు మూడున్నర రెట్లు ఎక్కువని 2019లో ప్రకటించారు. గుండెజబ్బు, ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాలు మాత్రం తక్కువే. ఆట ఈ చేత్తో ఇచ్చి ఆ చేత్తో పుచ్చుకుంటోందన్నమాట.

• టెన్నిస్ స్టార్ ఆండీ ముర్రేకి తుంటి నొప్పితో సాక్సులు వేసుకోవడమే కష్టమైంది. 2019 జనవరిలో తుంటి ఎముకకు లోహపు తొడుగు వేయించుకున్నాడు. అక్టోబరులో ఆంట్‌వెర్ప్ టైటిల్ కొట్టాడు!

• బ్యాడ్మింటన్ ఆటగాడు పుల్లెల గోపీచంద్ మోకాలికి 1994లో పెద్ద గాయమైంది. అయినా 2001లో ఆల్ ఇంగ్లండ్ టోర్నీ గెలిచాడు. ఆయన దగ్గర శిక్షణ పొందిన సైనా నెహ్వాల్ 2012 ఒలింపిక్స్‌లో కాంస్యం నెగ్గింది, 2015లో ప్రపంచ నంబర్‌వన్ అయింది. మోకాళ్లలో గుజ్జు అరిగిపోయిందని, ఆర్థరైటిస్ ఉందని 2024లో తనే చెప్పింది.

• ఇంగ్లండ్, స్కాట్లాండ్, ఉత్తర ఐర్లండ్‌లలో ప్రాథమిక పాఠశాల వయసు పిల్లలకు 2020 నుంచి ఫుట్‌బాల్‌లో హెడర్ల (బంతిని తలతో కొట్టడం) శిక్షణ లేదు. ఇంగ్లండ్‌లో పెద్దలకూ శిక్షణలో బలమైన హెడర్లు వారానికి పది మించొద్దని 2021లో సూచించారు. పెద్దల మ్యాచ్‌లో మాత్రం పరిమితి లేదు. గోల్ పడేది, చప్పట్లు మోగేది అక్కడే కదా!