ఒక బాలుని కోసం వెలసిన కళాశాల

ఖరగ్‌పూర్‌లో రాత్రి బండి ఎక్కితే మరునాడు విజయనగరంలో దిగవచ్చు. ఇందా మొదలుకొని ఆ రైల్వే పట్టణపు పేటలలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ దారి కొత్తది కాదు. నాటి బెంగాల్-నాగపూర్ రైల్వేలో కొలువు కోసం ఉత్తరాంధ్ర నుండి వారి పెద్దలెందరో ఈ దారినే తరలివెళ్ళారు. సంగీతం నేర్వగోరే పిల్లవానికి సమాజం ఏమి చేయగలదో చూపిన విద్యాలయ మొకటి ఆ విజయనగరంలో ఉంది.

విజయనగర ఆస్థానంలో చాగంటి జోగారావుగారని ఒకరుండేవారు. ఆయన కుమారుడు గంగరాజు అంధుడు. ఆ బాలునికి సంగీతం చెప్పించాలన్న ప్రస్తావన వచ్చినప్పుడు, ప్రభువు విజయరామ గజపతిరాజు అతనిని ఎవరో ఒక గురువుకు అప్పగించి ఊరుకొని ఉండవచ్చు. ఆయన అలా చేయలేదు. 1919 ఫిబ్రవరి 5న ఏకంగా ఒక సంగీత కళాశాలనే నెలకొల్పారు. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి తొలి అధ్యక్షులయ్యారు.

ఆ తొలినాళ్ళలోనే ఒక యువకుడు వయొలిన్ చేతబట్టుకొని విద్యార్థిగా చేరడానికి వచ్చాడు. చూపు సరిగా ఆనక బడిచదువు మానుకొన్నవాడు. అన్నగారి వద్ద వాద్యం అభ్యసించినవాడు. అతని వాదన విన్న దాసుగారు, ఇతడు కూర్చోవలసినది శిష్యుల వరుసలో కాదని గ్రహించారు. చేరవచ్చిన విద్యార్థి ఆచార్యుడయ్యాడు. ఆయనే ద్వారం వేంకటస్వామినాయుడు. ప్రక్కవాద్యంగా ఉండిన వయొలిన్‌కు ప్రధాన వాద్యపు గౌరవం తెచ్చిన ఆ విద్వాంసుడు 1936లో కళాశాలకు అధ్యక్షులు కూడా అయ్యారు.

తరువాతి కాలంలో చేతి ఉంగరం అమ్ముకొని ఆ ఊరు చేరిన మరొక బాలుడు, కొన్నాళ్ళు ఇంటింటా మధూకరమెత్తి కడుపు నింపుకొన్నాడు. పట్రాయని సీతారామశాస్త్రిగారు అతనిని చేరదీసి విద్య చెప్పారు. ఆ బాలుడే ఘంటసాల వేంకటేశ్వరరావు. గాయని పి. సుశీల కూడా ఆ కళాశాల విద్యార్థినియే.

ఇతర దేశాలలో ఈ పనిని యువ వాద్యబృందాలు చేస్తున్నాయి. బ్రిటన్‌లో 1948లో రూత్ రెయిల్టన్ అనే మహిళ జాతీయ యువ వాద్యబృందాన్ని నడపడం ఆరంభించింది. బడి సెలవులలో దేశం నలుమూలల నుండి వచ్చిన పిల్లలు ఒకచోట బసచేసి, ఆరితేరిన విద్వాంసుల వద్ద సాధన చేస్తారు. వెనిజులాలో 1975లో హోసే అంతోనియో అబ్రేయు కొద్దిమంది పిల్లలతో మొదలుపెట్టిన ఉద్యమం, లక్షలాది బాలబాలికల చేతికి వాద్యాలనందించింది.

అక్కడ నూరుమంది ఒకే స్వరరచనను కలిసి వాయిస్తారు. మన సంప్రదాయంలో శిష్యుడు గురువు ఎదుట కూర్చొని ఒంటరిగా రాగాన్ని ఆలపిస్తాడు. పద్ధతులు వేరైనా పిల్లవానికి కావలసినవి మాత్రం ఒక్కటే: చేరదీసే గురువు, రెండు పూటల అన్నం, తనవలె సాధన చేసే తోటివారి సాంగత్యం. వీటిలో ఏది కొరవడినా, ఎంతటి ప్రతిభ అయినా ఇంటి గడప దాటకుండానే అణగారిపోతుంది. ఉంగరం అమ్ముకొన్న ఆ బాలునికి శాస్త్రిగారి ఆదరణే దొరకకపోతే ఏమై ఉండేదో ఊహించుకోవచ్చు.

సంస్థానాలు పోయాయి. కళాశాల ప్రభుత్వ నిర్వహణలోకి వచ్చింది. 2019లో నూరేళ్ళు నిండాయి. ఒక్క అంధ బాలుని కోసం తెరచిన ఆ తలుపు నేటికీ మూతపడలేదు.